హిజాజ్ యాత్రాగ్రంథాల్లో 'అమాన్' : పూచీ ఎవరిది?

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో వుంది. ఆయన దైవప్రవక్త (స) సన్నిధిలో వుండగా ఒకరు వచ్చి పేదరికం గురించీ, మరొకరు వచ్చి దారిదోపిడి గురించీ మొరపెట్టుకున్నారు. అప్పుడు దైవప్రవక్త (స) అదీతో మాట్లాడుతూ, ఆయన దీర్ఘాయుష్మంతుడైతే, హీరా నగరం నుంచి అంబారీలో బయలుదేరిన స్త్రీ అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకుండా వచ్చి కాబా ప్రదక్షిణం చేయటం చూడగలడని తెలియజేశారు. ఇదే హదీసు మరో ఉల్లేఖనంలో, బిడారులు 'ఖఫీర్' లేకుండా మక్కాకు వెళ్ళే రోజు వస్తుందన్న విషయం వుంది. ఖఫీర్ అంటే సొమ్ము పుచ్చుకుని దారి కాచే మనిషి. అదీ తయ్ తెగ నాయకుడు. ఆ ప్రాంతాల్లో దోపిడికి పేరుపడినవాళ్ళు ఆయన తెగలోనే వున్నారు. మరి వాళ్ళంతా ఏమైపోతారన్న సందేహం ఆయన మనసులో మెదిలింది. తరువాతి కాలంలో ఆ స్త్రీ ప్రయాణాన్ని కళ్ళారా చూశానని ఆయనే సాక్ష్యమిచ్చారు.

ఈ హదీసులో ఆ స్త్రీ తీసుకున్న జాగ్రత్తల ప్రస్తావన లేదు. ఆమె ఏమి ధరించింది, డబ్బు ఎక్కడ దాచుకుంది, ఎవరితో మాట్లాడింది అన్నవి అక్కడ అప్రస్తుతాలు. అదీకి కలిగిన సందేహం కూడా ఆమె గురించి కాదు, తన తెగవారి గురించి. దారి సురక్షితం కావాలంటే మారవలసింది దారి పక్కన వున్నవాళ్ళని ఆయనకు తెలుసు. అరేబియా ఎడారి ప్రయాణాల మీద ఎనిమిది వందల ఏళ్ళుగా వెలువడుతున్న గ్రంథాల్లో ఈ దృష్టి ఏ మేరకు నిలిచింది? పాఠకులు ఈ గ్రంథాలను సాహసగాథలుగా మెచ్చుకుంటూ వచ్చారు. రచయిత ఎండకూ దాహానికీ దొంగలకూ తట్టుకుని ఎలా బయటపడ్డాడన్నదే వారికి ఆసక్తి. అతని భద్రతకు ఎవరు పూచీపడ్డారు, దాని ఖరీదు ఎవరు చెల్లించారు, ఆ పూచీ దొరకని వాళ్ళ గతి ఏమైంది అన్న ప్రశ్నలతో చదివితే అవే గ్రంథాల విలువ తారుమారవుతుంది.

ఇది కేవలం సాహిత్యప్రియుల ప్రశ్న కాదు. హజ్ విధి కావటానికి అవసరమైన స్తోమతు (ఇస్తితాఅత్)లో 'అమ్నుత్తరీఖ్' అంటే దారి భద్రతను ధర్మవేత్తలు చేర్చారు. హనఫీ ధర్మవేత్తల్లో దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. దారి భద్రత లేకపోతే హజ్ విధే కాదని కొందరు. విధి అవుతుంది గానీ నెరవేర్చవలసిన బాధ్యత వాయిదా పడుతుందనీ, ఆ లోగా మరణం సమీపిస్తే తన తరఫున హజ్ చేయించమని వసీయతు చేయాలనీ మరికొందరు. పైన చెప్పిన అదీ హదీసు కూడా ఈ చర్చలో భాగమే. విధిగా చేయవలసిన హజ్‌కు స్త్రీ నమ్మకమైన బృందంతో వెళ్ళవచ్చునన్న షాఫియీ, మాలికీ ధర్మవేత్తలు దీన్ని ఆధారంగా చూపారు. ఇది జరగబోయేదాన్ని తెలిపే హదీసేగానీ అనుమతి కాదని, మహ్రమ్ తప్పనిసరి అన్నవారు సమాధానమిచ్చారు. ఎవరి వాదం బలమైనదన్నది ధర్మశాస్త్ర గ్రంథాల్లో తేలవలసిన విషయం. ఇక్కడ గమనార్హమైనది ఒక్కటే. మహ్రమ్ అన్నా, నమ్మకమైన బృందమన్నా, ఇరువర్గాలూ అడుగుతున్నది ఆమెకు జవాబుదారీ వహించే మనిషినే.

ఐజాబ్ రేవు

ఈ ప్రశ్నకు అందరికంటే నిజాయితీగా లెక్క అప్పజెప్పినవారు ఇబ్నె జుబైర్. అందలుస్‌లోని బలన్సియాలో 1145లో జన్మించి, గర్నాతా పాలకుని వద్ద కార్యదర్శిగా పనిచేసిన ఈ విద్వాంసుడు 1183 ఫిబ్రవరిలో హజ్ కోసం బయలుదేరి 1185 ఏప్రిల్‌లో తిరిగివచ్చారు. ఆయన యాత్రాగ్రంథంలో ఇసుక తుఫానుల వర్ణన కంటే సుంకం సిబ్బంది వర్ణనే ఎక్కువ భయపెడుతుంది. ఇస్కందరియా రేవులో యాత్రికుల మూటలు విప్పి, నడుముల్లో చేతులు పెట్టి వెదికి, ఇంకేమీ లేదని ప్రమాణం చేయించారు. ఏడాది గడిచిందా లేదా అని అడగకుండానే జకాతు పేరిట వసూలు చేశారు. ఎగువ ఈజిప్టులో సరుకు దాచారేమోనని మూటల్లో పొడవాటి మొనదేలిన ఊచలు గుచ్చి చూశారు. ఇదంతా రాస్తూ, ఈ సంగతి సుల్తాన్ సలాహుద్దీన్ దాకా చేరితే ఆయన సాగనిచ్చేవారు కాదని ఇబ్నె జుబైర్ సమర్థించుకున్నారు. ఆయనకు సుల్తాన్ మీద వున్న గౌరవం అలాంటిది. అయినా జరిగినదాన్ని మాత్రం దాచలేదు.

ఖూస్ పట్టణం నుంచి ఎర్రసముద్రతీరాన వున్న ఐజాబ్ రేవుకు వెళ్ళే ఎడారిదారిలో ఆయన చూసిన ఒక దృశ్యం ప్రత్యేకంగా చెప్పుకోవలసింది. ఒంటెలు అలసి కూలిపోతే వర్తకులు మిరియాలు, దాల్చినచెక్క మూటలను దారి పక్కనే వదిలి వెళ్ళేవారు. కావలివాడు లేడు. వందలమంది ఆ దారినే పోతుంటారు. మూట యజమాని తిరిగి వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు. కొన్ని పుటల తరువాత అదే దారి చివర, ఐజాబ్‌లో, కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన, ఒక్క మేకు కూడా లేని పడవల్లో యాత్రికులను ఒకరిమీద ఒకరిని కోళ్ళగంపలో కుక్కినట్లు కుక్కిన సంగతి వస్తుంది. పడవ ఖరీదు ఒక్క ప్రయాణంలో రాబట్టుకోవాలన్నదే యజమానుల ఆత్రం; పడవ గట్టున చేరితే చాలు, మనుషుల సంగతి మనుషులే చూసుకోవాలి. మిరియాల మూటకు వున్న భద్రత హాజీకి లేదు! ఇబ్నె జుబైర్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి వ్యాఖ్యానించలేదు. వేర్వేరు చోట్ల రాసి ఊరుకున్నారు. మూటకు యజమాని వున్నాడు, అతని పరపతి ఆ దారి పొడవునా తెలుసు. పరాయి దేశపు హాజీకి అక్కడ ఎవరున్నారు?

ఇక సుంకం లెక్క. పూర్వం మనిషికి ఏడున్నర దీనార్ల వంతున వసూలు చేసేవారు. ఇచ్చుకోలేని వారిని ఐజాబ్‌లో చిత్రహింసలు పెట్టేవారు. సలాహుద్దీన్ ఆ సుంకాన్ని రద్దుచేసి, అందుకు బదులుగా మక్కా అమీరుకు ఏటా ధనం, గోధుమలు పంపే ఏర్పాటు చేశారు. ఇబ్నె జుబైర్ జిద్దా చేరేసరికి ఆ పైకం రాలేదు. అమీర్ ముక్సిర్ ఏం చేశాడు? యాత్రికులు ఒకరికొకరు జామీను పడితేనే హరమ్‌కు వెళ్ళనిమ్మని ఆదేశించాడు. పైకం వస్తే సరే, రాకపోతే వసూలు తప్పదు. ఏ రక్షణా లేని పరదేశులను, పరస్పరం ముఖం కూడా ఎరగని వారిని, ఒకరి బాకీకి ఒకరిని పూచీ పెట్టటమన్నమాట! పాలకుడు వహించవలసిన పూచీ యాత్రికుని నెత్తికి ఎలా మారుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపిన గ్రంథం ఈ సాహిత్యంలో అరుదు.

ఇక్కడే ఆయన ఆగ్రహం కట్టలు తెంచుకుంది. హిజాజ్ వారిలో అధికసంఖ్యాకులు జిమ్మీలతో కూడా ప్రవర్తించని తీరులో హాజీలతో ప్రవర్తిస్తున్నారనీ, అందలుస్ ధర్మవేత్తల్లో కొందరు తమ ప్రాంతం వారికి హజ్ విధి తొలగిపోయిందని ఇచ్చిన తీర్పు సరైనదేననీ, ఆ గడ్డను మువహ్హిదీన్ ఖడ్గంతో శుద్ధి చేయవలసివుందనీ రాశారు. విమర్శకుడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇబ్నె జుబైర్ మువహ్హిదీన్ ప్రభుత్వోద్యోగి. తన ప్రభువుల కత్తిలోనే పరిష్కారం కనిపించటం సహజం. కానీ ఆయన స్వయంగా రాసిన లెక్క ఆయన తీర్పును సమర్థించదు. హాజీల మీద బరువు తగ్గించింది ఎవరి ఖడ్గమూ కాదు, సలాహుద్దీన్ పంపించిన గోధుమలు. అవి ఆలస్యమైనప్పుడే కష్టం మొదలైంది. అంతేకాదు, మక్కా నుంచి ఇరాకీ బిడారుతో తిరిగి వెళుతూ, హారూన్ రషీద్ భార్య జుబైదా (మరణం 831) తవ్వించిన నీటి తొట్లనూ బావులనూ చూసి, ఆ పుణ్యవతి లేకపోతే ఆ దారిలో నడవటమే సాధ్యం కాదని ఆయనే ప్రశంసించారు. ఆమె పోయి మూడున్నర శతాబ్దాలు గడిచినా ఆమె వహించిన పూచీ ఆ దారి పొడవునా నీళ్ళ రూపంలో నిలిచేవుంది.

ఇబ్నె బతూతా విషయంలో ఒక హెచ్చరికతో సరిపెట్టవచ్చు. ఆయన 1325లో తంజా నుంచి బయలుదేరారు. గ్రంథం మాత్రం మూడు దశాబ్దాల తరువాత ఫాస్ నగరంలో ఇబ్నె జుజై కలం నుంచి వెలువడింది. మక్కా, డమాస్కస్ వంటి చోట్ల పుటలకు పుటలు ఇబ్నె జుబైర్ నుంచి తీసుకున్నవేనని విద్వాంసులు ఏనాడో తేల్చారు. అందుచేత పధ్నాలుగో శతాబ్దపు భద్రతకు ఆ పుటలను సాక్ష్యంగా చూపటం కుదరదు. తబూక్ దాటిన తరువాత ఒక లోయలో ఆయన చెప్పిన కథ మాత్రం మరవరానిది. ఒక ఏడాది వడగాలికి నీళ్ళు ఇంకిపోయి, గుక్కెడు నీళ్ళ ధర వెయ్యి దీనార్లకు పెరిగిందట. కొన్నవాడూ చనిపోయాడు, అమ్మినవాడూ చనిపోయాడు. ఆ వృత్తాంతం అక్కడి బండ మీద చెక్కివుంది. అదే గ్రంథంలో, ఇరాకీ బిడారులో పేదల కోసం నీళ్ళు మోసే ఒంటెలు, జబ్బుపడిన వారికి మందులూ చక్కెరా మోసే ఒంటెలు ప్రత్యేకంగా వుండేవన్న వివరం కూడా వుంది.

మారువేషం రక్షించిందా?

పాశ్చాత్య పాఠకులకు హిజాజ్ అనగానే గుర్తుకువచ్చేది రిచర్డ్ బర్టన్ 1853లో మారువేషంలో చేసిన యాత్ర. ఈ గ్రంథాన్ని మెచ్చుకున్నవారూ, తిట్టిన ముస్లిం రచయితలూ కూడా ఒక విషయాన్ని ప్రశ్నించకుండా అంగీకరించారు. అతన్ని కాపాడింది అతని వేషం, అతని భాషాపాండిత్యం అన్నదే ఆ విషయం. గ్రంథాన్ని జాగ్రత్తగా చదివితే ఆ వేషం సూయజ్ రేవులోనే బెడిసికొట్టిందని తెలుస్తుంది. భారతదేశం నుంచి వచ్చిన పఠాన్ వైద్యుడు షేక్ అబ్దుల్లానని చెప్పుకుంటున్న బర్టన్ సామానులో దిక్కులు కొలిచే సెక్స్‌టెంట్ యంత్రం బయటపడింది. మక్కాకు చెందిన యువకుడు ముహమ్మద్ అతన్ని అవిశ్వాసి అన్నాడు కూడా. అప్పుడు బర్టన్‌ను నిలబెట్టింది అతని తెలివితేటలు కాదు. ధర్మ విషయాల మీద అతను రాసిన ఒక లేఖను చదివివున్న మదీనా విద్యార్థి ఉమర్ ఎఫెందీ, ఇటువంటివాడు ముస్లిం కాకుండా ఎలా వుంటాడని అడ్డుపడ్డాడు. తక్కిన సహచరులు ఆ యువకుణ్ణే మందలించారు. ఆ సహచరులు అప్పటికే బర్టన్ దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళు. మదీనాలో అతనికి విడిది ఇచ్చినవాడూ వారిలో ఒకడైన హామిదే.

అంటే బర్టన్ వేసిన వేషానికి వెనుక అరబ్బుల పూచీ వుంది. వాళ్ళు సద్భావంతో అతని మాటను తమ మాటగా చేసుకున్నారు. ఆ నమ్మకాన్ని వాడుకుని, తిరిగివెళ్ళి, వాళ్ళనే హాస్యపాత్రలుగా చిత్రించటం బర్టన్ చేసిన పని. యాంబూ–మదీనా దారిలో బద్దూలు బిడారు మీద కాల్పులు జరిపినప్పుడు 12 మంది చనిపోయారు. ఆ ఘట్టాన్ని అతను వర్ణించిన తీరులో ఉత్సాహమే తప్ప, ఆ పన్నెండుగురు ఎవరో, వాళ్ళ తరఫున ఎవరు జవాబు చెప్పాలో అన్న విచారం కనిపించదు. డౌటీ అనే మరో ఆంగ్లేయుడు 1876–78 మధ్య అదే ఎడారిలో తాను క్రైస్తవుణ్ణని దాచకుండా తిరిగాడు. అవమానాలు పడ్డాడు, కత్తికి ఎదురు నిలిచాడు. ప్రతిచోటా ఎవరో ఒక 'రఫీఖ్' అతన్ని తన పూచీ మీద తరువాతి మజిలీకి చేర్చాడు. చివరికి తాయిఫ్‌లో షరీఫ్ ఆశ్రయమిచ్చి జిద్దాకు పంపాడు. డౌటీ గ్రంథంలో ఇస్లాం పట్ల వున్న దురభిమానం ఎంతటిదైనా, తాను ఎవరి దయవల్ల బ్రతికాడన్నది అతను దాచలేదు. ఈ ఒక్క కొలమానంలో బర్టన్ కంటే అతనే మెరుగు.

ఎడారి తెగలకు ఇచ్చే సొమ్మును ఐరోపా చరిత్రకారులు 'లంచం' అన్నారు. ఉస్మానీ ఖజానా నుంచి 'సుర్రా' పేరిట దారి పొడవునా తెగలకు ఏటా చేరే ఈ సొమ్మును తెగలవారు తమ బావులకూ, తమ దారికీ, తమ కాపలాకూ రావలసిన హక్కుగా భావించారు. ఏ పేరు పెట్టినా, ఆ ఒడంబడిక చెడిన ఏడు ఏమవుతుందో 1757లో తేలిపోయింది. కరువుతో వున్న తెగలకు రావలసినది సరిగా ముట్టలేదు. హజ్ ముగించుకుని డమాస్కస్‌కు తిరిగివస్తున్న బిడారు మీద బనీ సఖర్ తెగ నాయకత్వంలో దాడి జరిగింది. దాడిలోనూ, తరువాత ఎండకూ దాహానికీ కలిపి సుమారు 20,000 మంది మరణించారని చరిత్రకారుల అంచనా. దోచుకున్నవారి నేరం నేరమే. కానీ పద్దులో కోత పెట్టినవారెవరూ ఆ ఎడారిలో లేరు.

భోపాల్ బేగం అడిగిన ప్రశ్నలు

భోపాల్ పాలకురాలు నవాబ్ సికందర్ బేగం 1863 చివర బయలుదేరి 1864లో హజ్ చేశారు. ఉర్దూలో ఆమె రాసిన వృత్తాంతం లోకానికి పరిచయమైంది 1870లో లండన్‌లో వెలువడిన ఆంగ్లానువాదం ద్వారానే. భక్తిపారవశ్యం కోసం ఈ పుస్తకం తెరిచినవారికి నిరాశ ఎదురవుతుంది. జిద్దా సుంకం కొట్టు, పోయిన సామాను, ఇళ్ళ అద్దెలు, గుంపులుగా చుట్టుముట్టే యాచకులు, తన తల్లి ఖుద్సియా బేగం లెక్క లేకుండా పంచే దానాల వల్ల వచ్చిపడిన చిక్కులు — పుస్తకం నిండా ఇవే. ఒక రాణి రాజ్య వ్యవహారాలను తనిఖీ చేస్తున్నట్లే వుంటుంది ఆ ధోరణి. హరమైన్ గురించి ఈ పొడిమాటలేమిటని నొచ్చుకున్న పాఠకుల బాధను అర్థం చేసుకోవచ్చు. ఆంగ్లేయ అధికారుల కుటుంబం కోరిక మీద రాసిన గ్రంథం కావటం వల్ల కొంత, వలస ప్రభువులకు తన పరిపాలనాదక్షత చూపాలన్న కోరిక వల్ల కొంత ఆ ధోరణి వచ్చివుండవచ్చు.

అయినా ఈ పుస్తకంలో బలమైన భాగం ఆ పొడిమాటలే. మదీనా వెళ్ళాలా వద్దా అన్న సందర్భంలో ఆమె భావావేశానికి లోనుకాలేదు. దారి ఎలాంటిది, బద్దూలు ఏమి అడుగుతారు, కావలి సిబ్బందికి ఎంత అవుతుంది అని విచారించారు. మక్కా షరీఫ్‌నూ తుర్కీ పాషానూ సంప్రదించారు. తృప్తికరమైన హామీ దొరకలేదు. ఆమె మదీనా వెళ్ళకుండానే తిరిగివచ్చారు.

ఈ నిర్ణయాన్ని కొందరు పిరికితనమన్నారు, మరికొందరు భక్తిలోపమన్నారు. అమ్నుత్తరీఖ్ గురించిన ధర్మశాస్త్ర చర్చ తెలిసినవారు అలా అనలేరు. మదీనా దర్శనం హజ్‌లో విధి కాదు. ఆమె వెంట వున్నది పెద్ద పరివారం. స్త్రీలు, వృద్ధురాలైన తల్లి, నౌకర్లు. ఆమె ఒక్కరే అయితే ధైర్యం చేసేవారేమో. ఇంతమంది ప్రాణాలకు తాను పూచీదారునన్న స్పృహతో ఆమె వెనక్కి తగ్గారు. బర్టన్ పుస్తకంలో లేనిదీ, ఈ పుస్తకంలో వున్నదీ సరిగ్గా ఇదే. సికందర్ బేగం మనుమరాలు సుల్తాన్ జహాన్ బేగం 1903–04లో చేసిన హజ్ యాత్రలో మదీనాను దర్శించగలిగారు. దారి దానంతట అది మారలేదు; తుర్కీ ప్రభుత్వం సైనికుల్ని తోడిచ్చింది.

ముహమ్మద్ అసద్ 'ది రోడ్ టు మక్కా' (1954) వీటన్నిటికంటే ఎక్కువమంది ముస్లిం యువకులు చదివిన పుస్తకం. నఫూద్ ఎడారిలో సహచరుడు జైద్ నుంచి విడిపోయి దాహంతో ఒంటరిగా తిరుగాడిన తొలి అధ్యాయం ఎందరికో గుర్తుంటుంది. అంతగా గుర్తుండనిది, ఇబ్నె సవూద్ గురించి ఆయన ఇచ్చిన తీర్పు. ఆ రాజును దగ్గరగా ఎరిగినవారాయన. ఖలీఫాల తొలి యుగం తరువాత అరబ్బు నేల ఎరుగని భద్రతను ఇబ్నె సవూద్ తెచ్చాడని ఒప్పుకుంటూనే, ఆ భద్రత కఠిన శిక్షల వల్ల వచ్చిందేగానీ ప్రజల్లో బాధ్యతను పెంపొందించటం వల్ల కాదని అసద్ రాశారు. 1933లో లేడీ ఈవ్లిన్ కాబోల్డ్ అనే ముస్లిం ఆంగ్ల వనిత మోటారు కారులో జిద్దా నుంచి మదీనా వెళ్ళి రాగలిగిందంటే అది ఆ భద్రత పుణ్యమే. దాని ప్రయోజనాన్ని కాదనటం అన్యాయం. సికందర్ బేగంకు దొరకనిది ఆమెకు దొరికింది. కానీ తయ్ దోపిడీగాళ్ళు ఏమవుతారన్న అదీ ప్రశ్నకు జవాబు రెండు విధాలుగా వుండవచ్చు — భయపడి చేతులు ముడుచుకుంటారు, లేదా దారి కాచేవాళ్ళుగా మారతారు. మొదటిది జరిగిందనీ, రెండోది జరగలేదనీ అసద్ ఆవేదన. సవూదీ వ్యవస్థను పొగిడేవారు ఆ వాక్యంలో మొదటి సగాన్నీ, తెగిడేవారు రెండో సగాన్నీ ఉదహరిస్తూ వచ్చారు.

కఫీల్ అన్న మాట

ఫిఖహ్‌లో 'కఫాలా' గౌరవప్రదమైన పదం. ఒకరి బాధ్యతకు మరొకరు జామీను నిలవటం అని అర్థం. గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్ళినవారి నోట అదే పదం నుంచి పుట్టిన 'కఫీల్' ఎలా పలుకుతుందో కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో విన్నవారికి తెలుసు. బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం' (2008) ఈ మార్పును కథగా చెప్పింది. నజీబ్, హకీమ్ అనే ఇద్దరు యువకులు రియాద్ విమానాశ్రయంలో దిగుతారు. తీసుకువెళ్ళటానికి ఎవరూ రారు. చివరికి ఒక అరబ్బు వచ్చి వాళ్ళను బండి ఎక్కించుకుంటాడు. నజీబ్ మూడేళ్ళకు పైగా ఎడారిలో మేకల మందతో బందీ అయిపోతాడు. తప్పించుకుని జైలు చేరిన తరువాతగానీ అసలు సంగతి తెలియదు. ఆ యజమాని అతని కఫీలే కాదు! అతని వీసా మీద నజీబ్ రాలేదు.

ఈ నవల అరబ్బులను క్రూరులుగా చూపించిందని కొందరు ముస్లిం పాఠకులు ఆక్షేపించారు. ఆక్షేపణలో కొంత నిజం వుంది. యజమాని పాత్రలో మానవత్వపు ఛాయ కూడా లేదు, ఆ పాత్ర చదునుగా వుంది. అయితే ఎడారి దాటి రోడ్డెక్కిన నజీబ్‌ను, ఎన్నో బండ్లు ఆగకుండా పోయిన తరువాత, తన ఖరీదైన కారులో ఎక్కించుకుని రియాద్ చేర్చినవాడూ అరబ్బే. ఆక్షేపించేవారు ఆ పుటను మరచిపోతారు. నవలలోని అసలు దుర్మార్గం జాతిది కాదు. ఒక మనిషి విమానం దిగే సమయానికి అతని పేరు మీద జవాబుదారీ వహించేవాడు అక్కడ లేకపోవటం, ఆ ఖాళీలోకి ఎవడో ప్రవేశించటం. ఇబ్నె జుబైర్ ఐజాబ్‌లో చూసిన ఖాళీ అదే. 2021 మార్చిలో సవూదీ ప్రభుత్వం కార్మికులు కొన్ని షరతులతో యజమానిని మార్చుకునే వీలు కల్పించినప్పుడు ఇంటిపనివారితో పాటు పశువుల కాపరులను కూడా ఆ సంస్కరణ నుంచి మినహాయించింది. నజీబ్ వంటివారికి అది వర్తించలేదన్నమాట.

ఇంత సుదీర్ఘమైన సాహిత్యం వెనుక వుండగా, ప్రయాణికుల చేతికి నేడు అందుతున్న కరదీపికలు ఎలా వున్నాయి? 2019 సెప్టెంబరులో సవూదీ అరేబియా పర్యాటక వీసాలు ప్రారంభించి, బహిరంగ మర్యాదలకు సంబంధించి 19 ఉల్లంఘనలను జుర్మానాలతో సహా ప్రకటించింది. ఆనాటి నుంచి ఈ కరదీపికల్లో చేయరాని పనుల పట్టిక మరింత పెరిగింది. ఒళ్ళు కప్పే దుస్తులు, నమాజు వేళలు, అనుమతి లేని ఫోటోలు, మద్యం, నీళ్ళసీసా, నడుము సంచి. ఇవన్నీ పాటించవలసినవే, సందేహం లేదు. పరదేశంలో అక్కడి మర్యాద పాటించటం అతిథి ధర్మం. కానీ ఈ పుస్తకాలు చదివినవారికి కలిగే అభిప్రాయం ఏమిటంటే — ప్రమాదం అంతా అక్కడి మనుషుల్లో, వారి ఆచారాల్లో వుంది. భద్రత అంతా యాత్రికుని సంచిలో వుంది. మతపరమైన హజ్ కరదీపికలు ఇందుకు మినహాయింపు కాదు. దుఆలు సవివరంగా వుంటాయి, జేబుదొంగల గురించి హెచ్చరిక వుంటుంది. తీసుకువెళ్ళే సంస్థ దేనికి జవాబుదారీ, అనుమతిపత్రం ఎవరి పేరు మీద వుంది, అది లేకపోతే మినాలో ఎక్కడ నిలబడాలి అన్న విషయానికి ఒక పేరా కూడా దొరకదు.

2024 హజ్ రోజుల్లో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. సవూదీ ప్రభుత్వ లెక్క ప్రకారమే 1,301 మంది మరణించారు. వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారు. సందర్శక వీసాల మీద వచ్చినందువల్ల వారికి గుడారాలు లేవు, బస్సులు లేవు, ఎండలో దూరాలు నడిచారు. ఈజిప్టు ప్రభుత్వం ఆ విధంగా యాత్రికులను పంపిన 16 సంస్థల లైసెన్సులు రద్దుచేసింది. ఆ చనిపోయినవారికి గొడుగు పట్టుకోవాలనీ, నీళ్ళు తాగుతూ వుండాలనీ తెలియకకాదు. 2025 నవంబరులో మదీనా దారిలో బస్సు ప్రమాదానికి గురై హైదరాబాదు ప్రాంతపు ఉమ్రా యాత్రికులు నలభైమందికి పైగా మరణించినప్పుడు కూడా, ఆ బస్సులో కూర్చున్నవారు తమ వంతుగా తీసుకోగలిగిన జాగ్రత్త ఏదీ లేదు.

ఇబ్నె జుబైర్ తన తరువాత వచ్చేవారికి స్పష్టంగా సలహా ఇచ్చారు: వీలైతే ఐజాబ్ ముఖం చూడవద్దు, ఎక్కువ దూరమైనా సరే షామ్ మీదుగా ఇరాక్ చేరి బగ్దాదు అమీరుల్ హజ్ బిడారుతో వెళ్ళండి. ఆయన రేవు పేరు రాశారు, అమీరు పేరు రాశారు, సుంకం ఎంతో రాశారు. కరదీపికలు కూర్చేవారు అరబ్బీ చదవగలిగితే ఆ పుటలను ముందు చదవాలి. సికందర్ బేగం గ్రంథాన్ని తెలుగు చేయదలచినవారు కూడా ఆంగ్లం మీద ఆధారపడకుండా ఆమె ఉర్దూను వెదికి పట్టుకోవటం అవసరం. మదీనా దారి గురించి షరీఫ్‌ను ఆమె అడిగినది హిఫాజతా, అమానా, జమానతా? ఈ మూడు మాటలకూ తెలుగులో ఒకే మాట సరిపోదు.